మార్కర్ ఓడిన ఆట

క్లబ్బులో జీతం తీసుకుని సభ్యులతో ఆడే టెన్నిస్ మార్కర్ పని గెలవడం కాదు. ఎదుటి సభ్యుడి కంటే కొంచెం పైన ఉండి ఆడాలి, చివరికి కొంచెం కిందికి దిగి ఓడాలి. దిగిన సంగతి ఎవరికీ కనబడకూడదు. బెజవాడలో మా క్లబ్బు మార్కర్ ఈ పని పాతికేళ్లు చేశాడు. కృష్ణా జిల్లాలో అంత గౌరవం పొందిన మార్కర్ మరొకడు లేడు. గుడివాడ నుంచి, బందరు నుంచి, ఒక్కోసారి ఏలూరు నుంచి కూడా పెద్దమనుషులు కేవలం అతనితో గంటసేపు ఆడడానికి కార్లలో వచ్చేవాళ్లు.

అందరూ అతన్ని మార్కర్ అనే పిలిచేవారు. అతనికి ఒక పేరుందన్న సంగతే నాకు చాలా ఏళ్లు తట్టలేదు. తర్వాత తెలిసింది. కానీ ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కసారి కూడా పిలవని పేరును ఇప్పుడు కాగితం మీద వాడుకోవడం నాకు మర్యాదగా తోచదు.

అతను కంకిపాడు అవతల మా ఊరివాడే. ఊరికి దక్షిణాన ఉన్న క్రైస్తవుల పేటలో పుట్టాడు. తండ్రి మా పొలాల్లో పనిచేసేవాడు. మా మేడ వెనక మా తాతగారు వేయించిన టెన్నిస్ కోర్టు ఉండేది. దాని మీద ఇనుప రోలరు లాగడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఆ ఇద్దరిలో ఒకడుగా అతను మా ఇంటికి వచ్చాడు. ఒక రోజు తీగలు తెగిన రాకెట్టుతో గోడకేసి బంతి కొడుతుంటే తాతగారు చూశారు. తిట్టలేదు. తన రాకెట్టు ఇచ్చి కొట్టమన్నారు. అలా మొదలైంది. రెండేళ్లలో తాతగారితో సమానంగా ఆడేవాడు, నాలుగేళ్లలో నాకు నేర్పేవాడు. నా నడుం ఎత్తున, కుడివైపు ఒక మూర దూరంలో బంతి వచ్చి పడేలా వందసార్లు, రెండువందలసార్లు వేసేవాడు. "ఇదిగోండి చిన్నదొరగారూ, ఇంకోటి" అనేవాడు. నా ఫోర్‌హ్యాండ్ ఆ బంతుల మీద తయారైంది.

జమీందారీ రద్దయ్యాక ఇంట్లో మనుషుల్ని తగ్గించుకోవలసి వచ్చినప్పుడు, తాతగారే అతన్ని బెజవాడ క్లబ్బుకి సిఫారసు చేశారు. అక్కడ అతను మార్కర్ అయ్యాడు.

క్లబ్బు కోర్టులు రెండూ ఎర్ర గ్రావెల్‌వి. తెల్లవారకముందే నీళ్లు చల్లించి, రోలరు తిప్పించి, సున్నంతో గీతలు తానే వేసేవాడు. పొద్దున్న ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి బంతి కనబడనంత దాకా ఆట. ఆదివారం మాత్రం చర్చి అయ్యాక ఉతికిన తెల్లచొక్కాతో వచ్చేవాడు. మధ్యాహ్నం కోర్టు పక్కన రేకుల షెడ్డులో కూర్చుని రాకెట్లకు గట్ తీగలు బిగించేవాడు. బొటనవేలితో తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని, తల అడ్డంగా ఊపి మళ్లీ విప్పేవాడు. అతను బిగించిన రాకెట్టు అని చెప్పుకోవడం మా జిల్లాలో గొప్ప.

ఎవరితో ఎలా ఆడాలో అతనికి తెలుసు. సర్జన్ గారికి కుడి భుజం లేవదు, ఆయనకు ఒక్క బంతి కూడా తల పైకి వెళ్లేది కాదు. క్లబ్బు సెక్రటరీ ప్లీడరు, పొట్ట మనిషి, ఆయనకు రెండడుగుల అవతల బంతి పడేది కాదు. ఓడితే కోపం, ఎదుటివాడు కావాలని ఓడాడనిపిస్తే ఇంకా కోపం వచ్చే ఒక జడ్జిగారు ఉండేవారు. ఆయన చేతిలో మార్కర్ ఎప్పుడూ ఏడు–ఐదుకే ఓడేవాడు, చివరి పాయింటుకి పరిగెత్తి పడబోయేవాడు కూడా. "అంగుళంలో తప్పిందండీ, లేకపోతేనా" అని తువ్వాలుతో మొహం తుడుచుకునేవాడు. ప్రతివాడూ నిన్నటికంటే బాగా ఆడానన్న నమ్మకంతో ఇంటికి వెళ్లేవాడు.

మార్కర్ క్లబ్బు వరండా మెట్లు ఎక్కడు. అతని టీ గ్లాసు షెడ్డులోనే ఉండేది. ఆ ఆచారం నేను పెట్టింది కాదు, నేను తీసేసిందీ కాదు.

మా సంగతి కూడా కొంత చెప్పాలి. డెబ్బైల మొదటికి మాకు మిగిలింది గవర్నరుపేటలో అద్దెకు తీసుకున్న మేడమీది భాగం, కోర్టులో నలుగుతున్న రెండు దావాలు. భూపరిమితి చట్టం వచ్చాక పొలం అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తడం మానేశారు. నేను ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. క్లబ్బు సభ్యత్వం తాతగారి నుంచి వచ్చింది కాబట్టి నిలిచింది. దానితోపాటు మరొకటి నిలిచింది. తాతగారు క్లబ్బుకి వెండి కప్పు ఒకటి ఇచ్చారు. ఏటా చలికాలంలో దాని కోసం పోటీ జరిగేది. కప్పుతోపాటు ఆయన ఒక ఉత్తరం రాసి ఇచ్చారు. జీతానికి ఆడేవాళ్లకు ఆ పోటీలో ప్రవేశం లేదనీ, ఆ నియమం మార్చాలంటే తమ వారసుడి సంతకం ఉండాలనీ అందులో ఉంది. సంవత్సరంలో ఒక్క సాయంత్రం ఆ కప్పు పక్కన నిలబడేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం నేను ఎవరో ఊరికి గుర్తుండేది.

ఒకరోజు సెక్రటరీ నన్ను వరండాలో ఆపారు.

"దొరగారూ, ఒక చిన్న సంతకం కావాలండీ."

"దేనికి?"

"ఈ ఏడు మార్కర్‌ని కప్పుకి ఆడనిద్దామని కమిటీలో అనుకుంటున్నామండీ. పాతికేళ్ల నుంచి చేస్తన్నాడు. నలభై ఆరొచ్చినయ్యి. మోకాలు చూశారుగా, ఇంకో రెండేళ్లుంటే అది ఆడనివ్వదు."

"తాతగారి ఉత్తరం చదివారా?"

"చదివానండీ. మా కోర్టులో వీలునామాలు కూడా అంత గట్టిగా ఉండవు."

నేను నవ్వలేదు. కుదరదన్నాను. ఆ ఏడు పోటీ అతను లేకుండానే జరిగింది. మరుసటి ఏడు మళ్లీ అడిగారు, మళ్లీ అదే చెప్పాను. మార్కర్ మీద నాకు కోపం లేదు. తాతగారి మాటల్లో ఇంకా చెల్లుతున్నది అదొక్కటే. దాన్ని నా చేతులతో కొట్టేయలేకపోయాను.

మూడో ఏడు పేకాట బల్ల దగ్గర బియ్యం మిల్లు యజమాని ఒకాయన అందరికీ వినబడేట్టు అన్నాడు.

"ఆ కప్పు గొడవ ఎందుకండీ? నేనొకటి చేయిస్తా, బిందె అంత. ఎవరైనా ఆడుకోవచ్చు. మార్కర్ ఆడుకోవచ్చు, మార్కర్ మేనమామ వస్తే ఆయనా ఆడుకోవచ్చు."

బల్ల చుట్టూ నవ్వారు. నేను పేక ముక్కలు కింద పెట్టి లేచి వచ్చేశాను.

ఆ తర్వాతి ఆదివారం మార్కర్ మా ఇంటికి వచ్చాడు. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో బైబిలు ఉంది. మేడమెట్ల చివర నిలబడ్డాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఏం మార్కర్, ఇంత దూరం వచ్చావు?"

"తవరితో ఒక మాటండీ. క్లబ్బులో అయితే బాగోదని."

"చెప్పు."

"మిల్లుగారు కప్పు చేయిస్తారంటండీ. నాకది వద్దండీ. ఆడితే పెద్దదొరగారి కప్పే ఆడతానండీ."

"దానివల్ల నీకేం ఒరుగుతుంది? గెలిస్తే ఒక వెండి గిన్నె, అదీ ఏడాది ఉంచుకుని తిరిగి ఇచ్చెయ్యాలి."

"గిన్నె కోసం కాదండీ." బైబిలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "నా ఆటేంటో నాకు తెలవదండీ దొరగారూ. పాతికేళ్ల నుంచీ ఎదుటోళ్ల ఆటే ఆడుతున్నా. ఒక్కసారి ఉన్నదంతా పెట్టి ఆడి చూసుకోవాలనుందండీ. గెలిస్తే సరే. ఓడినా, ఇదిగో ఇంతవరకే వచ్చింది వీడి ఆట అని నాకూ తెలుస్తది, జనానికీ తెలుస్తదండీ."

"నీ ఆట జిల్లా అంతా చూసిందే కదా."

"లేదండీ. ఎవరూ చూళ్లేదండీ. తవరు కూడా చూళ్లేదు."

చివరి మాట నాకు నచ్చలేదు. నేను ఆలోచిస్తానని పంపేశాను. మర్నాడు క్లబ్బుకి వెళ్లి సంతకం పెట్టాను. అతని మాటకు కరిగి పెట్టానని రాస్తే బాగుంటుంది, కానీ అది నిజం కాదు. మిల్లు యజమాని కప్పు వస్తే మా కప్పు బీరువాలోకి పోతుంది. అది జరగకూడదని పెట్టాను.

పోటీ మొదలైంది. మొదటి ఆట మార్కర్‌కి సర్జన్ గారితో పడింది. ఆయన బంతిని తాకిన సార్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మార్కర్ సర్వీసు నేల తాకి పక్కకు తిరిగి కంచెకి కొట్టుకునేది. అలాంటి సర్వీసు మా క్లబ్బులో ఎవరూ చూసి ఉండలేదు. ఇరవై నిమిషాల్లో ఆట ముగిసింది.

సెక్రటరీ వరండాలోంచి అరిచారు. "ఏవయ్యా మార్కర్! ఈ సర్వీసు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా, బీరువాలోనా?"

"తవరు ఎప్పుడూ అడగలేదండీ" అన్నాడు మార్కర్.

అందరం నవ్వాం. రెండో ఆట నాటికి నవ్వు తగ్గింది, మూడో ఆటకి ఎవరూ నవ్వలేదు. వరండాలో కూర్చున్న ప్రతివాడూ లోపల ఒక లెక్క వేసుకుంటున్నాడు. తాను మార్కర్ మీద గెలిచిన సెట్లు, ఇంటికెళ్లి భార్యకు చెప్పుకున్న ఆటలు, ఇవన్నీ ఏమిటి? సర్జన్ గారు మర్నాటి నుంచే పొద్దుటి ఆటకు రావడం మానేశారు, భుజం నొప్పన్నారు. పాతికేళ్లు ఎవరినీ నొప్పించకుండా ఆడినవాడు ఆరు రోజుల్లో అందరినీ నొప్పించాడు. అతనికి అది కనబడలేదు. నాకు తెలిసి అతను మనుషుల మొహాలు చూడకుండా ఆడిన రోజులు అవే.

పోటీ రెండోవైపు నుంచి ఫైనల్‌కి నేను వచ్చాను. అప్పుడు నాకు ముప్ఫై నాలుగు. సభ్యుల్లో నా అంత ఆడేవాడు లేడు. కప్పు ఇచ్చే ఇంటివాడు కప్పు కోసం ఆడడం ఏమిటని ఒకరిద్దరు అన్నారు. ఉత్తరంలో అలాంటి నిషేధం లేదన్నాను.

ఫైనల్ ఆదివారం సాయంత్రం. కంచె లోపల సభ్యులు, కుటుంబాలు, కుర్చీలు. కంచె బయట మార్కర్ పేటవాళ్లు, పాస్టరుగారు, నీలం చీరలో అతని భార్య. ఆమె ఆ కోర్టు చూడడం అదే మొదటిసారి.

మొదటి సెట్టు అతను ఆరు–మూడుకి తీసుకున్నాడు. నా ఎడమవైపు దెబ్బ, బ్యాక్‌హ్యాండ్, బలహీనమని అతనికి తెలిసినంతగా నాకే తెలియదు. ప్రతి బంతీ అటే వచ్చింది. రెండో సెట్టులో అతని మోకాలు మొరాయించింది, నేను ఆరు–నాలుగుకి గెలిచాను. మూడో సెట్టులో అతను కుంటుతూనే ఐదు–మూడు దాకా వచ్చాడు. సర్వీసు అతనిది. ఇంకొక్క పాయింటు గెలిస్తే ఆట అతనిదే. అలాంటి అవకాశాలు రెండు ఉన్నాయి. కంచె బయట ఎవరో స్తోత్రం అన్నారు.

అతను సర్వీసు చేశాడు. నేను ఎలాగో అడ్డం పెట్టాను. బంతి నెట్టుకి దగ్గరగా, నెమ్మదిగా లేచింది. నా ఎడమవైపు కోర్టంతా ఖాళీ. అటు తోస్తే చాలు. అతను బంతి దగ్గరికి వచ్చాడు, రాకెట్టు ఎత్తాడు. బంతి నా కుడివైపు, నడుం ఎత్తున, మూర దూరంలో వచ్చి పడింది.

నేను ఆలోచించలేదు. కొట్టాను. గీత మీద పడింది.

తర్వాతి పాయింటూ అలాగే జరిగింది. ఆ గేము పోయింది. తర్వాత మూడు గేముల్లోనూ, ఆట ఎక్కడ బిగిస్తే అక్కడ, ఆ బంతే. నా చిన్నప్పుడు మా మేడ వెనక రోజుకు రెండువందలసార్లు వేసిన బంతి. ఏడు–ఐదుకి నేను గెలిచాను. నెట్టు దగ్గర చెయ్యి అందించాడు, అరచెయ్యి తడిగా, చల్లగా ఉంది. "బాగా ఆడారండీ" అన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నాకు తోచింది ఒక్కటే. వీడి తండ్రి మా అన్నం తిన్నాడు, వీడు మా రోలరు లాగాడు. మా కప్పు మా ఇంట్లోనే ఉండాలనుకున్నాడు. అద్దె ఇంట్లో ఉండే దొరగారి మీద జాలిపడి, నలుగురి ముందు ఆట వదిలేశాడు. ఒళ్లంతా మంటెత్తింది. మా భూములు ప్రభుత్వం తీసుకుంది, మా మేడ దాయాదులు తీసుకున్నారు. అవి పోయాయి కానీ ఎవరి జాలీ మేం పుచ్చుకోలేదు.

వేదిక మీద జిల్లా అధికారి ఒకాయన కప్పు అందించబోతుంటే నేను మైకు తీసుకున్నాను.

"ఈ కప్పు నేను పుచ్చుకోను. మార్కర్ నాకు ఆట వదిలేశాడు. మా తాతగారి కప్పును దానంగా తీసుకునే స్థితికి మా ఇల్లు ఇంకా రాలేదు."

తర్వాత చప్పట్లు. నా గౌరవానికి కొట్టారనుకున్నాను. సర్జన్ గారు అందరికంటే గట్టిగా కొట్టారు. ఆ మొహాల్లో ఉన్నది హాయి అని తర్వాత చాలాకాలానికి తట్టింది. ఆరు రోజులు కనబడకుండా పోయిన వాళ్ల మార్కర్ వాళ్లకు తిరిగి దొరికాడు.

మార్కర్ నెట్టు స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. "లేదండీ" అన్నాడు. "వదల్లేదండీ."

మిల్లు యజమాని అతని భుజం మీద చెయ్యేశాడు. "ఊరుకోవయ్యా. నీ సంగతి మాకు తెలవదా? పోనీలే, దొరగారు గొప్పగా ఉన్నారు, నువ్వూ గొప్పగా ఉన్నావు."

కంచె బయట జనం కదలడం మొదలుపెట్టారు. అతని భార్య తల దించుకుని పాస్టరుగారి వెనక నడిచింది.

ఆ వారంలోనే కమిటీ కూర్చుని నిర్ణయం రాసింది. ఆ ఏడు కప్పు ఎవరికీ లేదు. జీతానికి ఆడేవాడు గెలుపోటములు తన చేతిలో పెట్టుకుంటాడు కాబట్టి ఇకపై మార్కర్లకు ప్రవేశం లేదు. తాతగారి నియమం మళ్లీ నిలబడింది. సెక్రటరీ ఆ కాగితం నాకు చూపించి, "చివరికి మీ తాతగారే గెలిచారండీ" అన్నారు.

ఆ నిర్ణయానికి ముందే, ఫైనల్ అయిన మరునాడు, ఆఫీసుకి వెళ్లేముందు నేను షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో కచ్చితంగా చెప్పలేను. బహుశా అతన్ని తిట్టాలనుకున్నాను. మార్కర్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. రాకెట్టు చట్రం బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"నేను వదల్లేదండీ."

"నాకు కళ్లు లేవా? ఆ బంతులు నాకు తెలియవా?"

"దొరగారూ, ఒక్క మాట అడగనివ్వండి. ఇన్నేళ్లలో తవరికి నేను ఎన్ని ఆటలు వదిలానో తవరికి తెలుసాండీ?"

నేను బల్ల మీది చట్రం వైపు చూశాను.

"ఒక్కటి కూడా తెలవదండీ. వదిలితే తెలవదండీ. అది నా పని. నిన్న తవరికి తెలిసిందంటే అది వదలడం కాదండీ."

"మరేమిటి?"

అతను కుడిచెయ్యి చూసుకున్నాడు. వేళ్లు ముడిచి విప్పాడు. "తవరి ఎడమవైపు కొట్టాలనే ఎత్తానండీ. ఖాళీ కనబడతానే ఉంది. చెయ్యి అటు పోలేదు. ఎదుటోళ్ల రాకెట్టు ఎక్కడుందో అక్కడికే పోయిందండీ. మొదటి రోజుల్లో బానే ఉంది, గట్టిగా పట్టుకున్నా. చివర్లో కాలు నొప్పి, ఊపిరాడలేదు, అప్పుడు చెయ్యి దానిష్టం వచ్చినట్టు చేసిందండీ. అదే అండి నా ఆట. ఇప్పుడు తెలిసింది. అంతవరకే ఉంది."

అతని గొంతులో ఏడుపు లేదు. కోర్టులో తేమ ఎంతుందో చెప్పినట్టు చెప్పాడు.

"తవరు ఒక్క మాట చెప్పండీ చాలు" అన్నాడు. "కప్పు తీసుకోండి. గెలిచానని చెప్పండి. నేను ఓడిపోయానని చెప్పండి అందరికీ. ఓడిపోయినోడు ఆటగాడే కదండీ. వదిలినోడు మార్కరండీ."

అతను చెప్పినది నిజమని ఆ క్షణంలోనే నాకు తెలిసింది. సందేహం ఏమీ మిగల్లేదు. అయినా నేను "చూద్దాం" అన్నాను.

చూడలేదు. ఆ మాట చెప్పాలంటే కమిటీ ముందు నిలబడి తొందరపడ్డానని ఒప్పుకోవాలి. నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో నేను చూడలేదు. మా నాన్నగారు ఒక దావాలో రాజీకి ఒక్క మాట తగ్గితే ముప్ఫై ఎకరాలు దక్కేవి, ఆయన తగ్గలేదు. దాన్ని మేం పౌరుషమని చెప్పుకుంటూ పెరిగాం. వచ్చే నెల చెబుదాం, వార్షిక సమావేశంలో చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపాను.

ఆ ఏడాదిలో మార్కర్ పని పాడైపోయింది. నేను నలుగురి ముందు ఆ మాట అనేదాకా సభ్యులెవరూ అతను వదులుతాడని పైకి అనేవారు కాదు. ఇప్పుడు ప్రతి పాయింటుకీ అదే మాట. అతని బంతి నెట్టుకి తగిలితే వరండాలోంచి "వదిలావా మార్కర్?" బయటికి పోతే "ఇది కూడా దొరగారి ఖాతాలోనేనా?" అతను నిజంగా పొరపాటు చేసినా నవ్వే, చేయకపోయినా నవ్వే. జడ్జిగారి వంటివాళ్లు అతనితో ఆడడం మానేశారు. గెలిస్తే సిగ్గు, ఓడితే సిగ్గు అయినప్పుడు ఎవరు ఆడతారు? గుడివాడ కార్లు రావడం తగ్గింది. వానాకాలం వచ్చేసరికి అతను రాకెట్లు బిగించడానికి తప్ప కోర్టులోకి దిగడం లేదు. తర్వాత ఒకరోజు షెడ్డుకి తాళం ఉంది. హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీల యజమాని తన షెడ్ల వెనక కోర్టు వేయించాడనీ, మార్కర్ అక్కడికి వెళ్లాడనీ సెక్రటరీ చెప్పారు. వీడ్కోలు సభ ఏమీ జరగలేదు. వరండా ఎక్కించకుండా వీడ్కోలు ఎలా జరపాలో కమిటీకి తోచలేదట.

ఇంకో ఏడాది తర్వాత నేను ఉత్తరం రాశాను. ఆ ఆటలో మార్కర్ గెలవడానికే ఆడాడనీ, నేను అన్న మాట తప్పనీ, ఆ ఏడాది ఫలితం రాయించాలనీ. నాలుగు వాక్యాలు. మూడు రాత్రులు పట్టింది. సెక్రటరీ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చారు.

"ఇప్పుడెందుకండీ ఇది? అందరూ మర్చిపోయారు. ఇది పెడితే, దొరగారికి కప్పు మీద మనసు మళ్లిందంటారు. మీకు బాగుండదు."

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని మర్నాడు నేను బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్లాను. కనీసం అతనికైనా చెప్పాలనుకున్నాను.

లారీ షెడ్ల వెనక, డీజిలు వాసనలో, కోర్టు ఉంది. గీతలు తిన్నగా ఉన్నాయి. వాటిని బట్టి అతను వేసినవేనని గుర్తుపట్టాను. మార్కర్ బాగా చిక్కిపోయాడు. మోకాలికి గుడ్డ చుట్టుకున్నాడు. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అతని వెనకే యజమాని వచ్చాడు. ఖాకీ నిక్కరు, చేతిలో రాకెట్టు, నలభై ఏళ్లుంటాయి.

"ఓహో, మీరేనా అండీ ఆ దొరగారు!" అన్నాడు యజమాని. "మా మార్కర్ మీకు ఫైనల్ వదిలేశాడంటగా! బెజవాడ నుంచి వచ్చిన ప్రతోడూ చెప్తాడు. ఏవయ్యా, వదిలావా లేదా? ఇయ్యాళ ఇద్దరూ ఉన్నారు, తేల్చెయ్యండి."

అక్కడ ఇద్దరు డ్రైవర్లు, ఒక గుమాస్తా కూడా నిలబడి వింటున్నారు. ఇదే సమయమనుకున్నాను. ఉత్తరం తీయకుండా నోటితోనే చెప్పాను.

"వదల్లేదు. అతను గెలవడానికే ఆడాడు. నేనే గెలిచాను."

యజమాని ఒక క్షణం నా మొహంలోకి చూసి, పగలబడి నవ్వాడు.

"దొరలు దొరలేనండీ! ఆ రోజు పదిమందిలో వద్దన్నారు, ఇయ్యాళ మనసైంది!"

డ్రైవర్లు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. అప్పుడు మార్కర్ మాట్లాడాడు.

"నిజమేనండీ. దొరగారే గెలిచారు. నేను ఓడిపోయాను."

"చూశారా, చూశారా!" యజమాని తొడ చరిచాడు. "ఇప్పుడు కూడా వదులుతున్నాడు! ఇదిగో, ఇందుకేనండీ నాకితనంటే ఇష్టం!"

ఈసారి డ్రైవర్లు కూడా నవ్వారు. నేను రెండోసారి చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే ఏమవుతుందో కనబడి మూసుకున్నాను.

బస్సు దాకా వస్తానని మార్కర్ నాతో రోడ్డు మీదికి వచ్చాడు. కుంటుతున్నాడు, నేను నడక తగ్గించాను. ఏలూరు వైపు లారీలు దుమ్ము రేపుతూ పోతున్నాయి. జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. అతను ఎండకు అడ్డం పెట్టుకుని మొత్తం చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. మడతల మీదే మడిచి నా చేతిలో పెట్టాడు.

"కష్టపడి రాశారండీ" అన్నాడు. కొంచెం సేపటికి, "ఇంకెవరికీ చెప్పకండి దొరగారూ. చెప్పినకొద్దీ నవ్వుతారండీ" అన్నాడు.

బస్సు వచ్చింది. నేను ఎక్కాను. అతను బతికి ఉన్నంతకాలం నేను మళ్లీ ఎవరికీ చెప్పలేదు.